మావగారి మూటల దిమ్మ

"మీ ముసలాయన పోయాడు. త్వరగా వచ్చి తీసుకెళ్లండి, మేం కొట్టు తెరుచుకోవాలి."

మా మావగారి మరణవార్త నాకు ఈ మాటల్లోనే అందింది. ఫోన్ చేసింది రేవు పక్క పేట బోటాటౌంగ్‌లో ఆయన గదికి ఎదురుగా టీ కొట్టు నడిపే బర్మా ఆవిడ. అయ్యో అనలేదు, ఎప్పుడు పోయాడో చెప్పలేదు. అదే ఊళ్లో ఇంకో పేట, సంచౌంగ్‌లో మా ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చుని ఉన్న నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆవిడ మీద వచ్చింది, ఆ సందు మొత్తం మీద వచ్చింది, నిజం చెప్పాలంటే ఆయన మీద కూడా వచ్చింది.

పోగానే అందరూ దేవుళ్లయిపోతారు. ఆయన గురించి నేనలా రాయలేను. రేవులో కళాసీగా పనిచేసిన మనిషి, నోరు విప్పితే తిట్టే. పెళ్లయిన కొత్తలో నా చేపల పులుసు నోట్లో పెట్టుకుని, "ఏటమ్మీ, ఇది రేవులోంచి ముంచుకొచ్చినావా?" అన్నారు. అప్పుడు మొదలైన మా కయ్యం ఆఖరిదాకా తెగలేదు. మేం ఇల్లు మారి సంచౌంగ్ వచ్చేస్తే ఆయన రాలేదు. సందు వదలనన్నారు. సందు అన్నారు గాని ఆయన వదలలేనిది అందులో ఉన్న దిమ్మని.

దిమ్మ అంటే పెద్ద కట్టడమేమీ కాదు. గుండెల ఎత్తున ఇటుక గోడ ముక్క, పైన నున్నగా అరిగిన రాతి పలక. ఆంధ్ర తీరం నుంచి ఓడలెక్కి వచ్చిన మా పెద్దలు గిడ్డంగుల నుంచి రేవుకి బియ్యం బస్తాలు తలమీద మోసేవారు. బస్తా నేలమీద దించితే మళ్లీ తలకెత్తడానికి ఇంకొకరి సాయం కావాలి. అదే దిమ్మ మీదికి జార్చుకుంటే ఎవడి బరువు వాడే దించుకుని ఎవడి బరువు వాడే ఎత్తుకోవచ్చు. పెద్ద రోడ్డు మీద ట్రామ్ తిరిగే రోజుల్లో మూటతో ఉన్నవాణ్ణి ఎక్కనిచ్చేవారు కాదట. ఇప్పుడా ట్రామ్ పట్టాలు తారు కింద ఉన్నాయి. కూలీలు చందాలు వేసుకుని కట్టుకున్న దిమ్మ మాత్రం మిగిలింది. ఊళ్లో పాత మేడలన్నిటికీ నీలం పలకలు బిగించి చరిత్ర రాసిపెట్టారు. ఫొటోలు తీసుకునేవాళ్లు ఈ దిమ్మ మీద సంచులు పెట్టుకుని ఆ మేడల వైపు తిరిగి నిలబడేవారు. "ఆళ్లకి మేడలే కనబడతాయి. మేడలోళ్ల బియ్యం ఎవులు మోసినారో కనబడదు," అనేవారు మావగారు.

పొద్దున్నే కొబ్బరి పీచుతో దాని మీది నాచు తోమేవారు. కిళ్లీ ఉమ్మినవాణ్ణి తెలుగులో ఏడు తరాలూ తిట్టేవారు. తిట్టు అర్థం కాకపోయినా దెబ్బ తగిలేది.

నేను కొత్త కోడలిగా ఉన్నప్పుడు చౌకడిపో బియ్యం నెత్తిన పెట్టుకుని ఆ సందులోకి వచ్చాను. ఆయన చేతులు ఊపుకుంటూ వెనకాలే నడిచారు. మెడ విరిగిపోతోంది, పట్టుకోమని అడగడానికి నాకు పౌరుషం. దిమ్మ దగ్గరికి రాగానే, "నేలకి దించకు. దీని మీదకి జార్చు," అన్నారు. ఊపిరి పీల్చుకున్నాక, "ఇప్పుడు తలకాయ కిందకెట్టు. మెల్లిగా లెగు. సూసినావా, ఇంక నీకు నానెందుకు?" అన్నారు. ఆ క్షణంలో ఆయన్ని అసహ్యించుకున్నాను. మా ఆయన ఓడ మీద పనికి వెళ్లి ఏళ్లకేళ్లు రానప్పుడు, ఒక్కదాన్నే కూతుర్ని పెంచి ఇల్లు నడిపినప్పుడు ఆ మాటే నాకు ఆసరా అయింది. అందుకు ఆయనకి రుణపడి ఉన్నాను. బతికుండగా చెప్పలేదు, చెప్తే దానికీ తిట్టేవారు.

సైన్యం గద్దెనెక్కింది. ఊరంతా నిరసనగా గిన్నెలు మోగించింది. సైన్యం బళ్లు రాకుండా కుర్రాళ్లు వీధులకి అడ్డం కట్టారు. ఆ సందు కుర్రాళ్లు ఇటుకల కోసం గునపాలతో దిమ్మ దగ్గరికి వచ్చారు. మావగారు దానిమీదెక్కి కూర్చున్నారు. "ఇటికలు కావాలంటే నా గది గోడ పీక్కోండి. తలుపట్టుకెల్లండి, మంచమట్టుకెల్లండి. ఇది ముట్టుకుంటే సెయ్యిరిసేత్తాను," అన్నారు. కుర్రాళ్లు ఆ తలుపూ మంచమూ నిజంగానే పట్టుకెళ్లి అడ్డుకట్టలో పడేశారు.

తర్వాత సైనికులు వచ్చి, సందులో వాళ్లందరినీ తుపాకీ చూపించి బయటికి లాగి, వట్టి చేతులతో ఆ అడ్డుకట్ట తీయించారు. దిమ్మ మీద కూర్చున్న ముసలాయన్ని పిచ్చివాడనుకుని వదిలేశారు. ఆ వారంలోనే ఇద్దరు కుర్రాళ్లని ఎత్తుకుపోయారు. అంతే, సైనికులు వదిలేసిన మావగారు సందు కళ్లకి దలాన్ అయిపోయారు. దలాన్ అంటే ఇక్కడ సైన్యానికి ఉప్పందించేవాడు. అంతకు మించిన తిట్టు ఈ ఊళ్లో లేదు. తలుపిచ్చిన సంగతి ఎవరికీ గుర్తు లేదు. టీ కొట్టావిడ టీ పొయ్యడం మానేసింది.

"అమ్మా, తాత ఫొటో దలాన్ అని ఫేస్‌బుక్‌లో పెట్టీసినారు. నిజవేనేటి?" అని నా కూతురు అడిగింది. అది కూడా ఊరేగింపుల్లో తిరిగిన పిల్లే.

"మీ తాతకి నీ పేరే నోరు తిరగదు. ఆ పిల్లల పేర్లు ఏటని సెప్తాడే?" అన్నాను.

వెళ్లి ఆయన్ని మా ఇంటికి వచ్చెయ్యమన్నాను. గుమ్మానికి తలుపు బదులు ప్లాస్టిక్ పట్టా వేలాడుతోంది.

"నానొచ్చీసినాననుకో, అదే నిజమనీసుకుంటారు," అన్నారు.

"అయితే కాదని సెప్పండి మావా."

"అడిగితే సెప్తాను. ఒక్కడూ అడగలేదు మరి."

వానలు మొదలయ్యాయి. ఆ పట్టా వెనకే, దగ్గుతో, అడిగేవాడి కోసం చూస్తూనే పోయారు.

మా ఆయన విమానాలు లేక ఏదో పరాయి రేవులో చిక్కుకుపోయారు. ఉచితంగా శవాలు మోసే సంఘం నుంచి ఇద్దరు శవపెట్టె తీసుకుని వచ్చారు. వాళ్లతో నేనూ నా కూతురూ కలిసి నలుగురం. వ్యాన్ సందులో పట్టక పెద్ద రోడ్డు మీదే ఆగింది. మాలో ఆడవాళ్లు పాడె మొయ్యరు. కానీ సందులో ఒక్క మగవాడూ గడప దాటలేదు. టీ కొట్టావిడ మమ్మల్ని చూసి రేకు తలుపు సగం దించింది. పెట్టెని చేతులతో మోసుకుంటూ బయల్దేరాం. చీలమండల దాకా వాన నీళ్లు.

దారి మధ్యలో శవాన్ని దించి చెవిలో మూడుసార్లు పిలవాలి. దింపుడు కల్లం. ప్రాణం ఏ మూలో ఉంటే పలుకుతారని ఆశ. నేల మీద దించడానికి నీళ్లు, అందుకని దిమ్మ మీదికి చేర్చాం. నా కూతురు మూత జరిపి, వంగి, "తాతా" అని పిలిచింది. మూడోసారి పిలుస్తూ ఏడ్చేసింది. కిటికీల్లో మొహాలు కదిలాయి, ఎవరూ దిగి రాలేదు.

సంఘం కుర్రాడు నా వైపు చూసి, "అక్కా, చేతులు పట్టడం లేదు, భుజానికెత్తాలి. ఇంకో ఇద్దర్ని పిలవనా?" అన్నాడు బర్మాలో.

"ఎవరూ అక్కర్లేదు తమ్ముడూ. భుజం కింద పెట్టు," అన్నాను.

నలుగురం భుజాలు ఆనించి మెల్లిగా లేచాం. మావగారు మా మీదికి వచ్చేశారు. ఆ సందులో ఎవరి చెయ్యీ అడగలేదు, ఎవరి చెయ్యీ పడలేదు. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

నాలుగడుగులు వేశామో లేదో, వెనక రేకు తలుపు లేచింది. బకెట్టుతో నీళ్లు కొట్టిన చప్పుడు, చీపురు చప్పుడు. శవం తగిలిందని టీ కొట్టావిడ దిమ్మ కడుగుతోంది. భుజం మీద పెట్టె ఉంది, మెడ తిప్పి చూడలేను. కడుక్కోనీ అనుకున్నాను. రేపు ఆవిడ టీ పొయ్యికి తెచ్చుకునే బొగ్గుల బస్తా దించుకోవలసింది దానిమీదే.