అత్తగారి పీట

మా అత్తగారు మనిషి పొట్టి, నోరు గట్టి. అద్దె ఇళ్ళలో వంటగట్లన్నీ ఆవిడకి ఎత్తైపోయేవి. అందుకని ఓ కర్రపీట వేసుకుని, దానిమీద నిలబడే ఇన్నేళ్ళూ వండిపెట్టింది.

చివరికి ఓ పాత ఇల్లు కొనుక్కుని వంటిల్లు బాగుచేయిస్తుంటే పెత్తనమంతా ఆవిడదే. దాంతో మేస్త్రీ, గట్టు కూడా ఆవిడ మోచేతి ఎత్తుకే కట్టేశాడు. ఆవిడ చూసి అగ్గిమీద గుగ్గిలమైంది.

"పగలగొట్టు! దీనిముందు నా కోడలు వంగి వంగి నడుం విరగ్గొట్టుకోవాలా?"

నా చెయ్యి పట్టుకు లాగి, గోడకి ఆనించి, మోచేతి దగ్గర పెన్సిల్‌తో గీత గీయించింది.

"పోనీ మీకొకటి, కోడలమ్మకొకటి, రెండు ఎత్తుల్లో కడతానమ్మా" అన్నాడు మేస్త్రీ.

"ఇవాళ రెండు గట్లంటావు, రేపు వీళ్ళు వేరు కుంపట్లంటారు. నోరుమూసుకుని ఒకటే కట్టు."

"నేను ఉద్యోగానికి పోతాను కదత్తయ్యా, వండేది మీరేగా" అన్నాను.

"ఎన్నాళ్ళు వండుతానే?" అంది.

పోయేదాకా వండింది. కొత్త గట్టు ముందు అదే పాత పీట వేసుకుని.

ఇప్పుడు నేను వండుతున్నాను. గట్టు నాకు అచ్చుగుద్దినట్టు సరిపోయింది, నడుం నొప్పన్నదే లేదు. పీట మాత్రం అక్కడే ఉంది. సొంతింట్లో కూడా ఆ మనిషి ఒక్కపూటైనా నేలమీద నిలబడి వండలేదు.