పెద్దలను దాటి స్టేషన్‌కు

మా ఊళ్లో పోలీసుల దగ్గరకు వెళ్లాలంటే ముందు పెద్దల్ని దాటాలి. బారువకు కాస్త దూరంలో, ఇసుక మీద ఇళ్లు కట్టుకున్న చేపల వేటగాళ్ల ఊరు మాది. మొగుడూ పెళ్లాల గొడవైనా, వల తెగిన తగువైనా కులపెద్దలు ఒడ్డున కూర్చుని తేల్చేవారు. వాళ్లకు చెప్పకుండా స్టేషన్ మెట్లెక్కితే ఆ ఇంటికి తప్పు, అంటే జరిమానా, వేసేవారు. తప్పు కట్టేదాకా ఆ ఇంటి పడవ నీళ్లలోకి దిగకూడదు. ఈ ఏర్పాటు ఎవడు పెట్టాడో గానీ, వాడి నోట్లో మన్ను పడ.

తొంభైల చివర్లో మా అన్న గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్లేవాడు. వానలకు ముందు ఊరి కుర్రాళ్లతో కలిసి తిరిగొచ్చేవాడు. పలాసలో రైలు దిగి, నాకోసం జీడిపప్పు పొట్లం కొని బస్సెక్కేవాడు. వాకిట్లోకి రాకముందే “మా గయ్యాళేదే?” అని కేకేసేవాడు. నాకు నోరెక్కువ. ఆ మాట ఊరంతా తిట్టుగా అనేది, అన్న ఒక్కడే ముద్దుగా అనేవాడు. ఆ కేక కోసం నా ప్రాణం ఇప్పటికీ కొట్టుకుంటుంది.

ఆ ఏడు మిగతావాళ్లు వచ్చారు, అన్న రాలేదు. దారిలో నీళ్ల కోసం దిగాడట. రైలు కదిలితే వెనక పెట్టె ఎక్కుంటాడని వీళ్లనుకున్నారట. ఎక్కడ దిగాడ్రా అంటే ఒకడు నాగపూర్ అన్నాడు, ఇంకొకడు రాయపూర్ అన్నాడు. అమ్మ అలాగే ఇసుకలో కూలబడింది.

స్టేషన్‌కు పోదామని నేను మొత్తుకున్నాను. అప్పటికే నాన్న లేడు. అమ్మ ఆనవాయితీ తప్పకుండా పెద్దల దగ్గరకు వెళ్లింది. మగాడు, దారి తెలిసినవాడు, తర్వాతి బండికి రాడా అన్నారు వాళ్లు. పోలీసులొస్తే ఊరి పరువు పోతుందన్నారు. అమ్మ తలూపి వచ్చేసింది. వానలు పడ్డాయి, తగ్గాయి. వచ్చిన ప్రతి బస్సుకూ అమ్మ రోడ్డు మీదకెళ్లి నిలబడేది. దిగినవాళ్లందరి ముఖాలూ చూసి ఉత్త చేతులతో ఇంటికొచ్చేది.

ఒకరోజు పొద్దున్న నాకు ఒళ్లు మండిపోయింది. ఒడ్డున కూర్చున్న పెద్దల ముందుకెళ్లి, తప్పు వేసుకుంటారో పడవ ఆపుకుంటారో మీ ఇష్టం, మేం వెళ్తున్నాం అని చెప్పేశాను. అమ్మ చెయ్యి పట్టుకుని బస్సెక్కించాను.

స్టేషన్ గేటు దగ్గర అమ్మ గుడికి వచ్చినట్టు చెప్పులు విడిచింది. లోపల తిడతారేమోనని నేను అమ్మ వెనక్కి జరిగాను. వయసు మళ్లిన హెడ్ కానిస్టేబుల్ ఒకాయన మమ్మల్ని బల్ల మీద కూర్చోబెట్టాడు. మనిషి ఎలా ఉంటాడు, ఎంత ఎత్తు, పుట్టుమచ్చలేమైనా ఉన్నాయా అని అడిగాడు. “నా కొడుకు బాబూ, బాగుంటాడు,” అంది అమ్మ. మిగతావి నేను చెప్పాను. ఎప్పట్నుంచి కనబడటం లేదో చెప్పగానే ఆయన కలం కింద పెట్టేశాడు.

“ఇన్నాళ్లూ ఏటి సేసినారమ్మా? పలాస టేసన్లో ఆ రోజే సెప్పినా రాసుకుందురు గదా.”

ఎవరి అనుమతీ అక్కర్లేదట. ఏ స్టేషన్‌లో చెప్పినా వింటారట, రాలేకపోతే ఫోన్ చేసినా చాలట. కేసు రాసుకుని, స్టేషన్ నంబరు నా చేత రెండుసార్లు అనిపించాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. అంత మెత్తగా చెప్పేసరికి, అమ్మ వైపు చూడకుండా ఆ నంబరే మూడోసారి అప్పజెప్పాను.

అప్పట్నుంచి ఎండుచేపలు అమ్మడానికి వెళ్లినప్పుడల్లా అమ్మ స్టేషన్‌లో అడిగి వచ్చేది. వెళ్లలేనప్పుడు నేను కాయిన్ బాక్సు నుంచి ఫోన్ చేసేదాన్ని. ఇంకా తెలియలేదమ్మా అనేవారు. బదిలీ మీద కొత్తవాళ్లొచ్చినా అమ్మను గుర్తుపట్టేవారు. పెద్దలు మాకు తప్పు వెయ్యలేదు. ఇంకొన్నేళ్లకు వాళ్లలో ఒకాయనే, పడవ ఇంజను ఎవరో ఎత్తుకుపోయారని మా ఇంటికొచ్చి స్టేషన్ నంబరు అడిగాడు. నాలుగు మాటలని మరీ ఇచ్చాను.

చాలా ఏళ్లు గడిచాయి. ఇంట్లోకి సెల్‌ఫోన్ వచ్చింది, ఆ నంబరూ అమ్మ స్టేషన్‌లో రాయించింది. ఒక మధ్యాహ్నం స్టేషన్ నుంచి ఫోన్. ఎవరో కొత్త కుర్రాడు, మర్యాదగానే మాట్లాడాడు. పాత కేసులు చూస్తున్నారట. మీవాడు ఇంటికొచ్చాడా అన్నాడు. లేదన్నాను. ఇన్నేళ్లయినా ఆచూకీ లేదు కాబట్టి కేసు మూసేస్తామన్నాడు. చేపలు కడుగుతున్న అమ్మ నా ముఖం చూసి, తడిచేత్తోనే ఫోన్ లాక్కుంది. సంగతేమిటో అతని చేత మళ్లీ చెప్పించుకుంది.

“మూసీకండి బాబూ. ఆడొచ్చిన్రోజు నానే వొచ్చి సెప్తాను. అందాకా ఉంచండి.”

అతను సరేనమ్మా అన్నట్టున్నాడు, అమ్మ దణ్ణం పెడుతున్నట్టు ఫోన్‌ను నుదుటికి ఆనించుకుంది. తిరిగి నా చేతికిస్తుంటే ఆమె ముఖంలో ఎన్నాళ్లుగానో నేను చూడని వెలుగు.

“ఇంటికొచ్చాడా అనడిగినాడు గదే. అంటే ఇంక రాడని ఆళ్లకీ తెల్దన్నమాటే గదా?”

“అవునమ్మా,” అన్నాను.