ఏటి వంపు దగ్గర కట్టిన పడవ

క్లాసులో పిల్లలెవరైనా "టీచర్, దయ్యాలుంటాయాండీ?" అని అడిగితే నేను నవ్వేదాన్ని కాదు, కసిరేదాన్నీ కాదు. "ఉంటే ఒకదాన్ని పట్టుకురా, అందరికీ చూపిద్దాం" అనేదాన్ని. తెనాలిలో ఇరవై ఏళ్లకి పైగా సైన్సు చెప్పాను. ఆదివారం ప్రార్థనకి గుడికి వెళ్తే అక్కడ పాస్టరు అయ్యగారు కూడా పోయినవాళ్లు ఇలా తిరుగుతూ ఉండరనే చెప్పేవారు. అటు సైన్సూ ఇటు దేవుడూ ఒకే మాట చెప్పాక ఇక నేను నమ్మడానికి ఏముంది? ఇప్పుడు మీరు నమ్మాలని కూడా రాయడం లేదు. జరిగింది జరిగినట్టు ఒకచోట రాసిపెడదామని, అంతే.

డెబ్బైల మొదట్లో సంగతి. నాకు పెళ్లయి మూడేళ్లు. నాకు తెనాలిలో ఉద్యోగం, మా ఆయనకి బాపట్లలో. సెలవులొస్తే ఇద్దరం రేపల్లెలో అత్తయ్య దగ్గరికి చేరేవాళ్లం.

మామయ్యగారు ఫారెస్టు గార్డుగా చేసేవారు. కృష్ణ సముద్రంలో కలవబోయే చోట ఒడ్డు పొడుగునా మడ అడవి ఉంటుంది. ఉప్పునీళ్లలో పెరిగే చెట్లు. ఆ చెట్లని ఎవరూ కొట్టుకుపోకుండా చూడటం ఆయన పని. నెలలో ఇరవై రోజులు పడవ మీదే ఉండేవారు.

ఆ అడవి మొత్తంలో ఆయనకి ఒక చోటంటే ప్రాణం. ఏరు అక్కడ పెద్ద వంపు తిరుగుతుంది. "ఒక్కసారి వచ్చి చూడవే" అని అత్తయ్యని ఏటా అడిగేవారట. ఆవిడ ఏటా ఏదో ఒకటి చెప్పేది. గేదె ఈనిందనో, మోకాళ్లు నొప్పులనో, గుడిలో స్త్రీల కూడిక ఉందనో. "నీళ్లూ చెట్లూ ఇక్కడ లేవా ఏంటి?" అని దెప్పేది కూడా. ఆయన నవ్వి ఊరుకునేవారు. ఒక వేసవిలో పచ్చకామెర్లు వచ్చి ఎనిమిది రోజుల్లో పోయారు.

అత్తయ్య పెద్దగా ఏడవలేదు. బియ్యం ఏరుతూ ఏరుతూ చెయ్యి ఆపేసి, "ఒక్కపూట వెళ్తే నా సొమ్మేం పోయేది?" అనేది. "ఊరుకోమ్మా" అని మా ఆయన అంటే ఊరుకునేది, గంటకి మళ్లీ అదే మాట. తిండి తగ్గిపోయింది, మనిషి సగమైపోయింది. అలాగే వదిలేస్తే ఈవిడ కూడా మనకి దక్కదని నాకు భయం పట్టుకుంది. దసరా సెలవుల్లో నేనే అన్నాను, "పదండత్తయ్యా, మనిద్దరం వెళ్లి చూసొద్దాం" అని. ఆవిడ లేచి వెళ్లి మర్నాటికి చీర తీసి పెట్టుకుంది.

మామయ్యగారి పడవ నడిపిన పోలయ్యే మమ్మల్ని తీసుకెళ్లాడు. తెల్లారుతూనే బస్సు, తర్వాత ఎడ్లబండి, తర్వాత పడవ. వంపు దగ్గరికి చేరేసరికి పదీ పదిన్నర అయి ఉంటుంది.

నిజం చెప్పాలంటే అంత అందంగా ఉంటుందని నేననుకోలేదు. వచ్చిన దారి కనపడదు, వెళ్లే దారి కనపడదు, చుట్టూ పచ్చటి మడ చెట్లు, మధ్యలో కదలకుండా నీళ్లు. చెట్ల వేళ్లు బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. కొంగలు తప్ప ప్రాణి లేదు. అత్తయ్యని ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని దింపి, కాస్త ఎత్తుగా ఉన్న దిబ్బ మీద ఏటి వైపు మొహం పెట్టి కూర్చోబెట్టాం. పడవ ఆవిడ వెనక పిల్లకాలవలో, ఇరవై అడుగుల దూరంలో ఉంది.

పోలయ్య పడవ నడిపే గెడని బురదలో లోతుగా దిగ్గొట్టి, తాడుని దానికి ఉచ్చులా వదులుగా తగిలించాడు. "ఎండ్రకాయల వల వేసుంది టీచరమ్మా, ఒక్క గంటలో చూసుకొచ్చేత్తా. పడవ జోలికి పోమాకండి" అని చెప్పి నడుంలోతు నీళ్లలో ఆ పిల్లకాలవ దాటి అవతలికి వెళ్లిపోయాడు.

ఇక్కడ నా ఘనకార్యం చెప్పాలి. నేను కాలవ గట్టున పుట్టి పెరిగినదాన్ని. మా కాలవలో పడవని గట్టుకి ఆనించి కురచగా కట్టాలి. తాడు వదులుగా ఉంటే పడవ అడ్డం తిరిగి వచ్చేపోయే పడవలకి తగులుతుంది. పోలయ్య కట్టిన తీరు చూస్తే నాకు ఒళ్లు మండింది. వెళ్లి ఆ ఉచ్చు తీసేసి, నీళ్ల అంచునున్న ఒక వేరుకి తాడు జానెడు కూడా వదలకుండా లాగి, రెండు పీటముళ్లు వేశాను. అబ్బో, బాగా కట్టాననుకుని చేతులు కడుక్కున్నాను.

కాలవ నీళ్లు ఒకవైపే పోతాయి. అక్కడి నీళ్లు సముద్రం మాట వింటాయి. పోటు వస్తే గంటలో మోకాలి లోతు లేస్తాయి. పోలయ్య గెడకి ఉచ్చు వేసింది అందుకే, నీళ్లతోపాటు అది పైకి జరుగుతుందని. ఆటుపోట్ల పాఠం తొమ్మిదో తరగతికి చెప్పేది నేనే! చంద్రుడి బొమ్మ గీసి మరీ చెప్పేదాన్ని.

అత్తయ్య అలా నీళ్ల వంక చూస్తూ కూర్చుంటే, ఆవిణ్ణి కాసేపు ఒంటరిగా వదిలేయడమే మంచిదనిపించింది. ఏటి పక్కనున్న మట్టికట్ట వెంట నడుచుకుంటూ వంపు చివరిదాకా వెళ్లాను. ఎంతసేపున్నానో గడియారం చూసుకోలేదు. ముప్పావుగంట అనుకుంటా. వెనక్కి తిరిగేసరికి నేను నడిచొచ్చిన కట్ట మీద నీళ్లు పారుతున్నాయి.

ఒక్కసారిగా నాకు పాఠం గుర్తొచ్చింది. నేను కట్టిన ముళ్లూ గుర్తొచ్చాయి. ముక్కు వేరుకి బిగిసిపోయిన పడవ నీళ్లు లేచేకొద్దీ ఏమవుతుందో తెలియనిదేం కాదు, ముందు భాగం మునిగి నీళ్లతో నిండిపోతుంది. అత్తయ్యకి ఈత రాదు. ఒకరు చెయ్యి పట్టుకుంటే తప్ప లేవలేదు కూడా. మోకాలి లోతు నీళ్లలో పడుతూ లేస్తూ పరిగెత్తాను. "ప్రభువా, నా బుద్ధి తక్కువకి ఆవిణ్ణి శిక్షించకు" అని పైకే ఏడ్చాను.

దిబ్బ చుట్టూ నీళ్లొచ్చేశాయి. అత్తయ్య అలాగే కూర్చుని ఉంది. ఆవిడ వెనక పడవ హాయిగా తేలుతోంది.

నేను కట్టిన వేరు మోకాలి లోతున మునిగిపోయి ఉంది, చెయ్యి పెట్టి వెతికాను, దానికి తాడు లేదు. తాడు పైన నా చేతికి అందనంత ఎత్తులో ఒక కొమ్మకి కట్టి ఉంది, బారెడు వదులుగా. ముడి మధ్యలో చిన్న ఎండుపుల్ల దూర్చి ఉంది. అలాంటి ముడి మా కాలవ మీద నేనెప్పుడూ చూడలేదు.

అంతలో పోలయ్య అవతలి ఒడ్డునుంచి ఛాతీ లోతు నీళ్లలో రొప్పుకుంటూ వచ్చాడు. వల దగ్గర బురదలో దిగబడి ఆలస్యమైందట. గెడ వైపు చూశాడు, పడవ వైపు చూశాడు. చేసిన వెధవపని చెప్పేశాను. నన్ను తిడతాడనుకున్నాను. అతను కొమ్మ వైపే చూస్తూ తలపాగా తీసేశాడు.

"ఇది మా గార్డు గారి ముడండి. తడిసిన తాడు బిగుసుకుపోద్దని పుల్ల పెట్టేవారు. పుల్ల లాగితే ముడి ఊడిపోద్ది. నాకు ఎన్నిసార్లు నేర్పినా రాలేదండి."

కట్టింది నువ్వు కాదా అని అడిగాను. కాదండీ బాబూ అంటూ అతను లెంపలేసుకున్నాడు. పుల్ల లాగమంటే ససేమిరా అన్నాడు. చివరికి అత్తయ్యని పడవెక్కించి, నడుం దగ్గర ఇద్దరం గట్టిగా పట్టుకుంటే, ఆవిడ చెయ్యి చాచి పుల్లని లాగింది. ముడి విడిపోయింది.

తర్వాత ఎన్నోసార్లు ఆలోచించాను. అత్తయ్య కట్టిందా అంటే, ఆవిడ చీర కుచ్చెళ్లు పొడిగా ఉన్నాయి, ఆ కొమ్మ ఆవిడకి అందదు. పోలయ్య ముందే వచ్చి కట్టి, మళ్లీ అవతలికి వెళ్లి నాటకమాడాడా? ఆడొచ్చు. కానీ మునిగిపోయే పడవని చూసినవాడు, ముసలావిడని అక్కడే వదిలి మళ్లీ పోటులోకి ఎందుకు దిగుతాడు? ఇంకెవరైనా వచ్చారేమో, వస్తే ఒక కేకైనా వేసేవారు కదా. బురదలో అడుగులు చూద్దామంటే అప్పటికే నీళ్లు కప్పేశాయి. అది నా దురదృష్టం.

అత్తయ్యని మాత్రం అడగలేదు. అడిగితే ఆవిడ ఏదో చెబుతుంది, నేను ఊరుకోలేక వాదిస్తాను. రేపల్లె చేరాక ఆవిడ చారూ అన్నం కలుపుకుని కడుపునిండా తిన్నది. నాకది చాలనిపించింది. "ఒక్కపూట వెళ్తే" అనే మాట ఆవిడ నోట మళ్లీ రాలేదు.

నాలుగైదేళ్లకి ఆవిడ మంచాన పడింది. ఒకరోజు తల దువ్వుతుంటే తనే ఎత్తింది. ఆ రోజు ఏరు చూస్తూ "చూశానండీ, బాగుంది" అని పైకే అన్నదట. అన్న కాసేపటికి వెనక నీళ్లలో నడుస్తున్న చప్పుడు, తాడు విసిరిన చప్పుడు, ఆయన పని చేసుకునేటప్పుడు గొంతులో తీసే కూనిరాగం.

దువ్వెన పక్కన పెట్టి అడిగాను. "మరి వెనక్కి తిరిగి చూడలేదా అత్తయ్యా?"

"ఎట్టా చూడనే? పని మధ్యలో కదిలిస్తే ఆయనకి చిరాకు. కానియ్యిలే అని కూర్చున్నా."

నేనైతే తిరిగి చూసి ఉండేదాన్ని. నాలాంటిదానికి చూడకుండా ఉండటం చేతకాదు. ఆ తాడు ఎవరు కట్టారో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆయనే కట్టారని మా అత్తయ్య ఎంత మామూలుగా చెప్పిందో, అలా చూడకుండానే నేనని చెప్పగలిగేంతగా నన్నెవరైనా ఎరుగుదురా అని మాత్రం అప్పుడప్పుడూ అనిపిస్తుంది.