మక్కలు వేద్దామన్నది ఎవరు?

ఒక మనిషిని ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా నోరు మూసుకొని కూర్చోవడం మీలో ఎంతమందికి చేతనవును? నాకు చేతనవుతుందన్న నమ్మకంతోనే పీహెచ్‌డీలో చేరాను. ఆ రోజుల్లో నాకు నమ్మకానికి కొదవ లేదు. జనగామ కాలేజీలో నేను గెలిచిన డిబేట్ల సంగతి చుట్టాలందరికీ తెలుసు (తెలియనివాళ్లకు మా నాయిన చెప్పేవాడు). నా పరిశోధనాంశం కూడా అందుకు తగినదే: సేద్యం చేసే ఇళ్లలో ఏ పంట వేయాలో తేల్చేటప్పుడు ఆడవాళ్ల మాటకున్న విలువ. అంశం బాగానే ఉంది, ఆడవాళ్ల మాటే దొరకలేదు. ఏ ఇంటికి వెళ్లినా మంచం వాల్చేవారు, నీళ్లిచ్చేవారు, ఆపైన జవాబులన్నీ ఇంటాయనే చెప్పేవాడు. వచ్చిన మనిషితో ఇంటి పెద్ద మాట్లాడకపోవడం మర్యాద కాదట. నా రికార్డింగులు విన్న గైడ్ మేడమ్, సమీక్షలోగా ఒక్క ఆడమనిషైనా తన నోటితో చెప్పిన జవాబు తేకపోతే ఆ అధ్యాయాన్ని తీసేయక తప్పదని చల్లగా సెలవిచ్చారు. అది పోతే థీసిస్‌లో మిగిలేవి ముందుమాట, కృతజ్ఞతలు.

అందుకే తొర్రూరులో బస్సు మారి, నెల్లికుదురు వైపు ఒక ఊరికి వెళ్లాను. వాకిట్లో మక్కలు (మొక్కజొన్నలను మా వైపు అలాగే అంటాం) ఒలుస్తున్న ఒక అక్క ముందు ఫోన్ పెట్టి, ఈ పంట వేద్దామన్నది ఎవరని అడిగాను. ఆమె నోరు తెరిచేలోపే పక్కనున్న భర్త అందుకున్నాడు.

"మా ఇంట్ల అంత ఆమెదే నడుస్తది చెల్లె. నేను నడుమల నోరే పెట్ట."

డిబేట్ నేర్చినవారెవరైనా ఈ వాక్యాన్ని వదిలిపెడతారా? ఆయన మాటే ఆయన వాదాన్ని ఎలా ఖండిస్తున్నదో వివరించాను. ఆయన ఒప్పుకోలేదు. ఉదాహరణలిచ్చాను, ఆయనా ఇచ్చాడు. ఆడవాళ్లకు గొంతు ఉండాలని నేను, ఉండనే ఉందని ఆయన, ఇద్దరం గొంతులు పెంచుకుంటూ పోయాం. పక్కింటివాళ్లు తీర్పు చెప్పడానికి గోడ దగ్గరికి చేరారు. ఈ రభసలో అక్క ఎప్పుడు లేచి లోపలికి వెళ్లిందో ఎవరమూ గమనించలేదు.

తిరిగొచ్చి మా ఇద్దరి చేతుల్లో చాయ్ పెట్టింది. స్టీలు గ్లాసులు, అంచుల దాకా మరుగుతున్న చాయ్. ఒలక్కుండా, వేళ్లు కాలకుండా పట్టుకోవడానికే మా తెలివితేటలన్నీ ఖర్చయ్యాయి.

"జర తాగుండ్రి ఇద్దరు," అని ఆమె ఫోన్‌ను తన వైపు తిప్పుకుంది. "ఈయనకు నేను చెప్తే ఇనడు. మా అత్తకు చెప్త. ఆమె చెప్తే ఇంటడు. పత్తి వొద్దు, మక్కలేద్దామన్నది నేనే."

ఆయనకు చాయ్ అడ్డం పడింది. "గందుకేనా మా అవ్వ దినాం మక్కలు మక్కలు అని నా పానం తీసింది?"

"మరేమనుకున్నవ్? ఆమెకు నోట్లె పండ్లే లేవు. మక్కలేం జేసుకుంటది?"

గోడ దగ్గర నవ్వులు. నేను అనుబంధ ప్రశ్న వేయబోయాను. "సల్లారుతది, తాగు బిడ్డ," అంది అక్క. తాగాను. ఆమె చెబుతూనే ఉంది.

రికార్డింగ్ విన్న మేడమ్, ఇందులో పనికొచ్చేది నేను చాయ్ జుర్రుతున్నంత సేపేనని తేల్చారు. అధ్యాయం బతికింది. ఇప్పటికీ అప్పుడప్పుడు వింటుంటాను. మొదట్లో ఆ డిబేట్ల అమ్మాయి ఎంత చక్కగా, ఎంత తర్కబద్ధంగా మాట్లాడుతుందో. పాపం, చాయ్ ఇంకాస్త ముందే వస్తే బాగుండునని ప్రతిసారీ అనిపిస్తుంది.

కాబట్టి ఒక విన్నపం. రేపు మీ గడపకు ఎవరైనా ప్రశ్నలతో వస్తే, ఎవరిని అడిగారో వారినే జవాబు చెప్పనివ్వండి. మిగతా అందరికీ చాయ్ పోయండి. ప్రశ్న అడిగిన మనిషికి మొదట.