గాలి నింపిన తోలుసంచులు

సమస్తాన్నీ మోసే దేవునికి స్తోత్రం. పుట్టినవాళ్లకూ, పుట్టకముందే ఆయన పిలుచుకున్నవాళ్లకూ తండ్రి అయినవానికి స్తోత్రం. చేతికి ఇచ్చినప్పుడు స్తుతించడం నాకు చిన్నప్పుడే నేర్పారు. చేయి ఖాళీగా ఉన్నప్పుడు స్తుతించడం ఇంకా నేర్చుకుంటున్నాను. నా నోరు చెప్పగలిగింది చెప్పి, చెప్పలేనిది ఆయనకే వదిలి, ఈ సంగతి రాస్తున్నాను.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. మాది పులివెందుల దగ్గర పల్లె. మా నాయన తోలుపని చేసేవాడు. ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిల తోలుబానలు కుట్టడంలో ఆయన చేయి మంచిదని చుట్టుపక్కల రైతులు ఇంటి ముందుకు వచ్చి కూర్చునేవాళ్లు. ఆదివారం వచ్చిందంటే ఆ చేతులే కడుక్కుని, మా చిన్న గుడిలో సంఘపెద్దగా నిలబడి వాక్యం చదివేవాడు. నేను ఆయన దగ్గరే అక్షరాలు నేర్చుకుని, తరువాత సంఘం బడిలో పంతులమ్మనయ్యాను. నా భర్త నాకు మేనమామ కొడుకు, బావా అనే పిలిచేదాన్ని. యుద్ధకాలంలో పటాలంలో లారీలు బాగుచేసి వచ్చి, ప్రొద్దుటూరులో ఒక షెడ్డులో మెకానిక్కుగా కుదిరాడు.

అప్పటికి మాకు ఇద్దరు బిడ్డలు కడుపులోనే పోయారు. మొదటిసారి ఎద్దుల బండిలో వస్తుంటే దారిలోనే నొప్పులు పట్టుకున్నాయి. రెండోసారి బస్సులో అదే జరిగింది. రోడ్డు కుదుపులే బిడ్డల్ని తీసుకుపోయాయని మా ఇంట్లో అందరం గట్టిగా నమ్మాం. జమ్మలమడుగు ఆసుపత్రి డాక్టరమ్మ ఆ మాట అనలేదు. మూడోసారి మాత్రం చివరి నెల ముందే వచ్చి ఆసుపత్రిలో పడుకోవాలని కబురు చేసింది. ఆ కబురు వినగానే మా ఇంట్లో ఒకటే ఆలోచన. పులివెందుల నుంచి ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు దాకా ఆ కంకర రోడ్డు మీద నన్ను కుదుపు లేకుండా ఎలా చేర్చాలి?

ఒక శనివారం బావ పాత పికప్పు బండి ఒకటి తోలుకుని వచ్చాడు. ప్రొద్దుటూరులో సేద్యపు సామాన్లు అమ్మే షావుకారుది. ఇనుపనాగళ్లు మోయడానికి కొన్న బండి కావడంతో వెనుక కమాను కట్టలు, అంటే ఇనుప పట్టీలు పేర్చిన స్ప్రింగులు, లావుగా, మొండిగా ఉండేవి. బరువు వేస్తే బాగానే పోతుంది. ఖాళీగా తోలితే ప్రతి రాయినీ లెక్కపెడుతుంది. ఆ బండిలో గర్భిణిని పడుకోబెట్టడం కంటే కాలినడకన పంపడం మేలని మా నాయన అన్నాడు.

బావ జాకీ పెట్టి బండిని ఎత్తి, ఒక్కో కట్టలోంచి కొన్ని పట్టీలు ఊడదీశాడు. బండి మెత్తబడింది కానీ, గుంతలో పడినప్పుడల్లా వెనుక సామాన్లు వేసే తొట్టి కిందికి దిగిపోయి ఇరుసుకు ధడేలున తగిలేది. దానికి ఆయన ముందే ఉపాయం అనుకుని వచ్చాడు. పటాలంలో ఉండగా ఎవరో చేస్తుంటే చూశాడట. తొట్టికీ ఇరుసుకూ మధ్య, ఇటొకటి అటొకటి, గాలి నింపిన సంచులు పెట్టాలి. జీపు ట్యూబును కోసి, కోసిన చోట పచ్చిరబ్బరు పెట్టి కాల్చి అతికించాడు. గాలి కొట్టే వాల్వు మాత్రం బయటికి ఉంచాడు. కానీ ఒట్టి ట్యూబు బరువు పడగానే పక్కలకు ఉబ్బి పగిలిపోయేది. అలా రెండు పగిలాక మా నాయన ముందుకు వచ్చి చూసి, లోపల ఒక రైతు కోసం కుట్టి పెట్టిన కొత్త బాన తెచ్చి కత్తితో నిలువునా చీల్చాడు. ఆ తోలుతో ట్యూబుకు చుట్టూ తొడుగు కుట్టి, ఆముదం పట్టించాడు. బాన పగలకుండా నీళ్లను మోసే కుట్టే అది. ఆ రైతుకు ఏం చెప్తావని అడిగితే, బిడ్డ పుట్టినాక ఎత్తుకుపోయి చూపిస్తా, ఏమీ అనడని చెప్పాడు.

ఇక గాలి ఎంత కొట్టాలన్నది మిగిలింది. ఎక్కువైతే బండి బంతిలా ఎగురుతుంది. తక్కువైతే మళ్లీ ఇరుసుకు తగులుతుంది. దాన్ని కనుక్కోవడానికి ఎవరో ఒకరు తొట్టిలో పడుకోవాలి. నన్ను ఎక్కించడానికి బావ ఒప్పుకోలేదు. మా నాయనే తొట్టిలో వేసిన మంచం ఎక్కి వెల్లకిలా పడుకున్నాడు. బావ ఆయన పొట్ట మీద నీళ్లు నిండిన చెంబు పెట్టి, దాన్ని రెండు చేతులా పట్టుకోమన్నాడు. చెంబులో నీళ్లు తొణకకుండా ఊరి బయటి వాగు వంక దాకా పోయి వస్తే గాలి సరిపోయినట్టు.

ఆ సాయంత్రం వీధి వీధంతా అక్కడే ఉంది. మా నాయనను ఆటపట్టించే అవకాశం ఎవరికీ రోజూ దొరకదు కదా.

"ఏం మామా, నీకు ఎన్నో నెల?" అని ఒకాయన అడిగాడు.

"నీ పెండ్లికి ముందునుంచీ మోస్తాండాలేరా" అన్నాడు మా నాయన కళ్లు మూసుకునే.

"పులుపు తినబుద్దైతాందా మామా? మా ఇంట్లో చింతకాయ తొక్కు ఉండాది."

"తెచ్చి నోట్లో పెట్టు. చెయ్యి వదిలితే చెంబు పోతాది."

మొదటిసారి తిరిగి వచ్చేసరికి మా నాయన పంచె, చొక్కా అంతా తడిసిపోయింది. బావ వాల్వు నొక్కి కొంచెం గాలి వదిలాడు. రెండోసారి కుదుపు తగ్గింది కానీ, బండి గుంత దాటాక కూడా పడవలా ఊగుతూనే ఉందని, కడుపులో తిప్పుతోందని మా నాయన మొరపెట్టుకున్నాడు. బావ ఊడదీసిన పట్టీల్లో ఒకదాన్ని మళ్లీ కట్టలో చేర్చాడు. పట్టీలు ఒకదానిమీద ఒకటి రాసుకుంటే ఊగడం త్వరగా ఆగుతుందట. తొట్టి మరీ పైకి ఎగరకుండా ఇరుసుకు ఒక తోలు పట్టెడ కూడా బిగించాడు. డ్రైవరు కూర్చునే పక్క సంచిలో కాస్త ఎక్కువ గాలి, రెండో పక్క కాస్త తక్కువ. ఆయన బొటనవేలితో తోలును నొక్కి చూసుకోవడం, మళ్లీ పంపు అందుకోవడం, మళ్లీ నొక్కి చూసుకోవడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. పొద్దుగూకేవేళకు మా నాయన నిండు చెంబుతో దిగాడు. దిగి, ఆ నీళ్లు అక్కడే తాగేశాడు. నేను అరుగు మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వుతున్నాను. లోపల బిడ్డ ఎగిరెగిరి తన్నింది. ఆ తన్ను నాకు బాగా గుర్తు.

మాలో ఎవరైనా ఆసుపత్రికి పోతుంటే సంఘం ఊరికే పంపదు. పొలిమేర దాకా కీర్తనలు పాడుతూ వస్తారు. మర్నాడు ఆరాధన కాగానే అలాగే వచ్చారు. బండి వాళ్ల నడక వేగంతోనే కదిలింది. నా పక్కన మా అవ్వ కూర్చుంది. మా నాయనకు తల్లి, మా వాడలో కాన్పులన్నీ చేసిన మనిషి. మా నాయన ముందర బావ పక్కన కూర్చున్నాడు.

ఆ ప్రయాణం గురించి అబద్ధం చెప్పలేను. అంత సుఖమైన ప్రయాణం నేను ఎన్నడూ చేయలేదు. రాళ్లు చక్రాల కింద నలుగుతున్న శబ్దం చెవికి వస్తోంది, ఒంటికి రావడం లేదు. గుంత వస్తే తొట్టి మెల్లగా దిగి, మెల్లగా లేచేది. నేను పైన ఆకాశం చూస్తూ స్తోత్రం, స్తోత్రం అని లోలోపల అనుకుంటూనే ఉన్నాను. మా నాయన చేతిని బట్టి స్తోత్రం. బావ బుద్ధిని బట్టి స్తోత్రం. గాలిని బట్టి కూడా స్తోత్రం చెప్పాను.

ఎండ ముదిరేసరికి రోడ్డు వేడికి సంచులు బిగిశాయి. బావకు స్టీరింగు పట్టుకున్న చేతుల్లోనే అది తెలిసింది. ముద్దనూరు ఇవతల నీడ చూసి ఆపి, కిందికి దూరి కొంచెం గాలి వదిలాడు. తరువాత వెనక్కి వచ్చి తొట్టి అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"యాడన్నా తగుల్తాందా మ్మే?"

లేదన్నాను.

"బిడ్డ కదుల్తాండాడా?"

నేను అవ్వ వైపు చూశాను. అవ్వ చేయి పొద్దున్నుంచీ నా పొట్ట మీదే ఉంది.

"నువ్వే కదా ఊయల కట్టింది" అంది అవ్వ. "పండుకున్నోన్ని లేపమంటావా ఏంది?"

బావ ముఖం విప్పారిపోయింది. మా నాయనను పిలిచి ఆ మాట మళ్లీ చెప్పాడు. ఇంతకుముందు పోయిన ఇద్దరూ రోడ్డు మీద కొట్టుకులాడిన బిడ్డలు. రోడ్డు మీద నిద్రపోయిన బిడ్డ వీడే అని మా నాయన తలగుడ్డ తీసి అక్కడే ప్రార్థన చేశాడు. మేమందరం ఆమెన్ అన్నాం. బిడ్డ కదలకపోవడం మాకు గుర్తుగా, జవాబుగా కనిపించింది. మేము అడిగింది అదే కదా, కదలిక లేకుండా చేర్చమని.

పెన్న దాటి ఆసుపత్రి చేరేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి, మెల్లగా మాట్లాడేది. నన్ను పడుకోబెట్టి, బిడ్డ గుండె చప్పుడు వినే చిన్న కొయ్య గరాటు పొట్ట మీద ఆనించి, రెండో చివర చెవి పెట్టింది. తరువాత గరాటు జరిపింది. మళ్లీ జరిపింది. కిటికీలోంచి మా వాళ్ల మాటలు వినిపిస్తుంటే వాళ్లను ఊరుకోమని నర్సును పంపింది. ఆ నిశ్శబ్దంలో మళ్లీ మొదటినుంచి వెతికింది. నేను ఆమె కళ్లను చూస్తున్నాను. ఆమె కళ్లు గోడను చూస్తున్నాయి.

"బిడ్డ ఎప్పుడు కదిలింది తల్లీ, కడసారి?"

నిద్రపోతున్నాడని చెప్పాను. ఆమె నా చేయి పట్టుకుని మళ్లీ అదే అడిగింది. అప్పుడు వెతుక్కున్నాను. దారిలో లేదు. పొద్దున ఆరాధనలో లేదు. రాత్రి పడుకున్నప్పుడు ఉందా? ఎంత వెనక్కి పోయినా నాకు దొరికింది అరుగు మీద నవ్వుతున్నప్పటి ఆ తన్నే.

ఆ మర్నాడు బిడ్డ పుట్టాడు. మగబిడ్డ. తల నిండా జుట్టు. ఒంటి మీద ఒక్క గాటు లేదు, ఒక్క కమిలిన మచ్చ లేదు. అవ్వ వాణ్ణి కడిగి, తెల్లగుడ్డలో చుట్టి ఒక్కసారి నా చేతుల్లో పెట్టింది. అవ్వ ఆ తరువాత ఎవరి కాన్పుకూ పోలేదు.

బండి కుదుపు వల్ల కాదని, బయలుదేరక ముందే జరిగిపోయి ఉంటుందని, కారణం తనకూ తెలియడం లేదని డాక్టరమ్మ బావకు చెప్పిందట. ఆయన నమ్మలేదు. వచ్చి నా మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"నిజం చెప్పు. యాడో ఒక తాన తగిలింటాది. ముద్దనూరు కాడ వంకలోనా?"

"లేదు బావా. ఒక్క తాన గూడా తగల్లేదు."

"నేను బాధపడతానని చెప్తాండావు."

"దేవుని ముందర చెప్తాండా. తగల్లేదు."

ఆయన తల నా మంచం పట్టీకి ఆనించాడు. తగిలిందని చెప్పి ఉంటే ఆయనకు తేలికయ్యేదేమో. ఎక్కడ తప్పిందో తెలిస్తే దిద్దగల మనిషి. ఇది ఆయన చేతికి దొరికేది కాదు. చేయవలసిందంతా సరిగ్గా చేశాడు. అదే ఆయనను విరిచేసింది.

బిడ్డను జమ్మలమడుగులోనే మట్టిచేశారు. నన్ను పోనివ్వలేదు. కొన్నాళ్లకు ఇంటికి పంపేరోజు, కిటికీలోంచి చూస్తే బావ బండి కింద దూరి మళ్లీ గాలి సరిచేస్తున్నాడు. చాలు అల్లుడా, రా అని మా నాయన పిలుస్తున్నాడు. బాలింత మామా, పచ్చి ఒళ్లు, తగలకూడదు అని కింద నుంచి జవాబు వచ్చింది.

బండి కదిలింది. అదే మెత్తదనం. దిగడం, లేవడం. నా పొట్ట మీద ఎవరి చేయీ లేదు. పెన్న ఇసుక దాటేదాకా ఓర్చుకున్నాను. తరువాత తొట్టి పలకను చేత్తో కొట్టాను. బావ ఆపి పరుగున వచ్చాడు.

"గాలి తీసెయ్ బావా" అన్నాను.

ఆయన కిందికి వంగి రెండు సంచుల వాల్వులూ విప్పాడు. గాలి పోతున్న శబ్దం చాలాసేపు వినిపించింది. మా నాయన తల తిప్పుకున్నాడు. మళ్లీ బయలుదేరాక మొదటి గుంతలోనే తొట్టి ఇరుసుకు తగిలి నా నడుం అదిరింది. అప్పుడు ఏడ్చాను. బిడ్డ పోయినప్పటినుంచి రాని ఏడుపు ముద్దనూరు దాకా ప్రతి రాయి దగ్గరా వచ్చింది. బావ నెమ్మదిగా తోలుతూ, తానూ ఏడుస్తున్నాడని మా నాయన తరువాత చెప్పాడు.

దేవుడు మాకు మళ్లీ బిడ్డనివ్వలేదు. బావ ఆయన దగ్గరికి పోయి కూడా చాలాకాలమైంది. నేను దేవుణ్ణి అడిగేది ఒకటే. ఆ దారి పొడవునా, ప్రాణం లేని బిడ్డను మోస్తూ, ఏమీ తెలియక నేను చెప్పిన స్తోత్రాలను ఏం చేశావు తండ్రీ? వాటిని ఆయన తోసిపారేశాడని నేను అనుకోను. నేను మోస్తున్నది ఆయనకు తెలుసు. తెలిసి కూడా విన్నాడు. ఎలా విన్నాడో మాత్రం నాకు తెలియదు.

ఇది చదువుతున్న అమ్మలారా, అయ్యలారా, ఒక్క నిమిషం చదవడం ఆపి నాతో పాటు కళ్లు మూయండి. ఇవాళ ఏదో ఒక రోడ్డు మీద పొట్ట మీద చేయి పెట్టుకుని పోతున్న తల్లి కోసం అడుగుదాం. చేయగలిగిందంతా చేసి కూడా చేతులు చూసుకుంటూ కూర్చున్న తండ్రి కోసం అడుగుదాం. మాకు అర్థం కానిది అర్థమయ్యేదాకా మమ్మల్ని విడిచిపెట్టవద్దని ఆ ప్రభువునే అడుగుదాం. నా ప్రార్థన ఇక్కడ ఆపుతున్నాను. మిగతాది మీరు నా కోసం చెప్పండి.