డబ్బా అక్క దగ్గు

మా ప్రయోగశాలలో తెమడ తీసుకునే కిటికీ దగ్గర ఇరవై రెండేళ్లుగా కూర్చున్న మనిషి డబ్బా అక్క. చిన్న ప్లాస్టిక్ డబ్బా చేతికిచ్చి వచ్చిన ప్రతి రోగికీ ఒకటే పాఠం చెప్పేది. "ఉమ్ము కాదు నాయనా, లోపల్నించి దగ్గి తియ్యి. ఉమ్ము తెచ్చావో, నీ మొహానే కొడతా." నవ్వుతూనే అనేది గానీ ఉమ్ము తెచ్చినవాణ్ని నిజంగానే వెనక్కి పంపేది. ఆమె నోటికి డాక్టర్లు కూడా జడిసేవారు.

నా పని లోపలి గదిలో. క్షయ క్రిమి జన్యువుల అచ్చు తీసి, అది ఏ వంశానిదో తేల్చాలి. మనుషులు ఏ దారిన వలస పోయారో ఈ క్రిమి కూడా వాళ్ల ఊపిరితిత్తుల్లో కూర్చుని ఆ దారినే పోయింది. గోడ మీద దాని వంశవృక్షం అంటించి ఉంటుంది. మా ప్రాంతంలో తరతరాలుగా పాతుకుపోయిన రకాలు పచ్చ కొమ్మ మీద, సముద్రం దాటి వచ్చినవాళ్లలో ఎక్కువగా కనిపించేవి ఎర్ర కొమ్మ మీద ఉంటాయి.

అక్క పదహారేళ్ల కూతురికి క్షయ అని తేలింది. పిల్ల అప్పటికే ఎముకల గూడైపోయింది. అక్క ఏడవలేదు, మండిపడింది. వాళ్ల మేడ మీద ఓడరేవులో పనిచేసే పరదేశి ఒకతను పెళ్లాంతో, ఆరు నెలల పాపతో అద్దెకుండేవాడు.

"వాళ్లేనే! ఎక్కడినుంచో మోసుకొచ్చి నా బిడ్డకి అంటించారు."

ఆ వారంలోనే వాళ్లని ఖాళీ చేయించింది. ఎక్కడికి పోతారో అడగలేదు. ఆ తర్వాత రోజూ నా వెనక నిలబడి, "ఎర్ర కొమ్మే వస్తుంది చూడు" అనేది, దగ్గుతూ.

పచ్చ కొమ్మ వచ్చింది.

"సరిగ్గా చూశావా? మళ్లీ చెయ్యి."

మళ్లీ చేశాను, పచ్చే. నా వెనక అక్క దగ్గింది. ఆ దగ్గు నేను ఏడాదిగా వింటున్నాను.

"అక్కా, నువ్వూ ఒక డబ్బా ఇవ్వు."

"మొన్న ఇంటిల్లిపాదితో పాటు నేనూ ఇచ్చాగా! ఏటా ఇస్తూనే ఉన్నా. ఏమైనా వచ్చిందా?"

ఏం వస్తుంది? ఉమ్ములో క్రిమి సరిగా దొరకదు. సిబ్బంది పరీక్ష రోజున "మనకెందుకొస్తుందే" అంటూ డబ్బాలో ఇంత ఉమ్మేసి మూత పెట్టేది. మేమంతా నవ్వేవాళ్లం. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ అంతే చేసేదాన్ని.

"మొన్న కూడా ఉమ్మేనా?" అని అడిగాను. ఆమె డబ్బా తీసుకుని ఆవరణలోకి వెళ్లి, గోడవైపు తిరిగి చాలాసేపు దగ్గింది.

మర్నాడు ఆమె నమూనాను సూక్ష్మదర్శిని కింద పెడితే క్రిములు గుంపులుగా కనబడ్డాయి. ఎక్స్‌రేలో ఊపిరితిత్తిని జబ్బు తినేసిన పాత గుంట. కూతురికంటే చాలా ముందు నుంచే ఉందన్నాడు డాక్టరు. అక్క ఆ ఎక్స్‌రే చేతిలోకి తీసుకుంది. పిల్ల గురించి ఏడుస్తుందనుకున్నాను.

"పాపే" అంది.

"ఏ పాప?"

"మేడ మీది పాప. రోజూ సాయంత్రం నా ఒళ్లోనే ఉండేది. మొహంలో మొహం పెట్టి ఆడించేదాన్నే."

అంత పసివాళ్లకు ఇది సోకితే ఎంత తొందరగా ముంచుకొస్తుందో మా ఇద్దరికీ తెలుసు. ఓడరేవుకు ఫోన్ చేశాం. ఇల్లు పోయాక అతను పని మానేసి వెళ్లిపోయాడట. ఎక్కడికో ఎవరికీ తెలియదు.

నెలన్నర తర్వాత అక్క క్రిమి అచ్చు వచ్చింది. కూతురి అచ్చు పక్కన పెడితే గీతకు గీత సరిపోయింది. పిల్ల కోలుకుంటోంది. అక్క మందులు మింగుతూ, మూతికి గుడ్డ కట్టుకుని, రోజూ పొద్దున్నే ఓడరేవు గేటు దగ్గర నిలబడుతోంది. లోపలికి వెళ్లే ప్రతివాణ్నీ ఆపి, చంటిపాపతో ఉండే ఒక కుటుంబాన్ని ఎక్కడైనా చూశారా అని అడుగుతోంది.