పదకొండు వార్తలు, ఒక్క విలేఖరి

నేను జగిత్యాలలో ఎన్నికల విభాగంలో సీనియర్ అసిస్టెంటుగా బదిలీ మీద చేరింది జూన్ మొదటి సోమవారం. పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుంది. పాత ఫలితాల పట్టికలు సరిచూసి కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. చదివింది ఇంటర్మీడియటే, లెక్కలూ కంప్యూటరూ సొంతంగా నేర్చుకున్నవే. ఇంటి దగ్గర కూడా ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో మా వైపు నాయకుల వ్యాసాలు తెరిచి, ఓట్ల అంకెలు సరిదిద్దుతుండేవాణ్ణి.

ఆ సంగతి విని కోరుట్ల వైపు నుంచి లస్మయ్య వచ్చాడు. ఒకప్పుడు తాళ్లెక్కి కల్లు గీసిన మనిషి. ఆయన భార్య రాజవ్వ మహిళలకు కేటాయించిన స్థానంలో గెలిచి, మండల పరిషత్ అధ్యక్షురాలిగా ఐదేళ్లు పనిచేసింది. అప్పట్లో ఆయన ఎక్కడ కనబడినా "ప్రెసిడెంట్ సాబ్" అని కుర్చీ వేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

"సారు, గా నెట్ల నేనే ప్రెసిడెంట్ చేసిన్నని రాసిండ్రు. తీసెయ్యుండ్రి" అన్నాడు.

ఊరంతా అట్లాగే పిలిచింది కదా అన్నాను.

"పిలిచిండ్రు. నేను గూడ పలికిన. గదే తప్పైంది."

రాజవ్వకు చూపు మందగిస్తోందట. సిరిసిల్లలో బిడ్డ దగ్గర ఉండి మందులు వాడుతోంది. "అచ్చరాలు ఆనుతున్నప్పుడే తన పేరు తను సూసుకోవాలె సారు" అన్నాడు.

ఆ మండలం వ్యాసంలో ఆయన్ని అధ్యక్షుడన్న ఒక్క వాక్యానికే పదకొండు ఆధారాలున్నాయి, అన్నీ పత్రికల వార్తలే. ఆయన పేరు తీసి రాజవ్వ పేరు పెట్టాను. గంటలో ఇంకో స్వచ్ఛంద రచయిత పాత పేరే పెట్టి, ఆధారం చూపలేదని కారణం రాశాడు. నియమం ప్రకారం అతనిదే సరి. నాకు తెలిసినది అక్కడ చెల్లదు, అచ్చయినది చూపాలి.

పదకొండింటినీ ఒక్కొక్కటిగా తెరిచి చూశాను. అన్నీ ఒకే పత్రికవి, ఒకే విలేఖరి పంపినవి. మేము పిలిచినట్టే అతను రాశాడు.

ఎన్నికైనవారి పేర్లు జిల్లా గెజిట్‌లో అచ్చవుతాయి. ఆఫీసు అయ్యాక ఐదు సాయంత్రాలు రికార్డు గదిలో జిల్లాలు విడిపోక ముందటి కట్టలు విప్పితే రాజవ్వ పేరు దొరికింది. సంచిక, పుట సంఖ్యలు వ్యాసం వెనుక ఉండే చర్చా పేజీలో పెట్టాను. మర్నాటికి ఆ రచయితే వ్యాసంలో ఆమె పేరు పెట్టాడు.

ఆదివారం లస్మయ్యతో సిరిసిల్ల వెళ్లాను. వాళ్ల బిడ్డ ఫోనులో అక్షరాలు పెద్దవి చేసి చేతికిచ్చింది. రాజవ్వ వేలు పెట్టి నెమ్మదిగా చదివింది.

"మీటింగుల నేను సంతకాలు వెడుతుంటే ఈయన బయట చాయ్ తాగెటోడు సారు. చాయ్ తాగినోడు ప్రెసిడెంటైండు" అంది.

"గా చాయ్ గూడ నీ పేరు మీదనే పోసిండ్రే" అన్నాడు లస్మయ్య.

ఆమె నవ్వి, మళ్లీ మొదటి నుంచి చదివింది.

ఆ తర్వాత ఏ నాయకుడి వ్యాసం తెరిచినా కింద ఆధారాలు ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టడం మానేశాను. అవి ఎంతమంది నేరుగా చూసి చెప్పినవో లెక్కపెడుతున్నాను. ఈ రెండో లెక్కలో చాలాసార్లు ఒకటే వస్తుంది. కొన్నిసార్లు అదీ రాదు.